పొట్ట మీద చెయ్యి

హైటెక్ సిటీలో పొట్ట బాధకు మొదటి డాక్టరు మెడికల్ షాపు కుర్రాడు. రాత్రి పదకొండు దాటాక అయ్యప్ప సొసైటీలోనో కొండాపూర్‌లోనో ఏదో ఒక షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. ఐటీ ఉద్యోగులు మెడలో ఐడీ కార్డు కూడా తియ్యకుండా వచ్చి, "అన్నా, గ్యాస్‌కి ఏదన్నా ఇవ్వు" అంటారు. అతను ఇంకేమీ అడగడు. పాన్-డి స్ట్రిప్పులోంచి నాలుగు కత్తిరించి, పక్కన ఒక ఈనో ప్యాకెట్ పెడతాడు. అప్పుడే తిన్న మండీ మీద ఒక క్యాప్సూల్ వేసుకుని వెళ్లి పడుకుంటారు. ఆ జాతి మందు టిఫినుకు అరగంట ముందు, ఖాళీ కడుపున వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తుందన్న సంగతి ఇచ్చినవాడూ చెప్పడు, పుచ్చుకున్నవాడూ అడగడు.

కొన్నాళ్లు ఇలా నడిచాక రెండో అంకం మొదలవుతుంది. గ్యాస్ట్రో డాక్టరు, రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్, ఒక్కోసారి ఎండోస్కోపీ. రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి. "ఏమీ లేదు, స్ట్రెస్ తగ్గించుకోండి" అని డాక్టరు అంటారు. ఏమీ లేదంటే సంతోషించాలి గానీ ఉబ్బరం ఉబ్బరంలాగే ఉంటుంది, మీటింగు మధ్యలో కడుపు గుడగుడలాడుతూనే ఉంటుంది. సరిగ్గా ఈ దశలోనే టీమ్‌లో ఎవరో ఒకరు చెవిలో వేస్తారు: "ఒకాయన ఉన్నాడు. మందుల్లేవు. చేత్తోనే పొట్ట సెట్ చేస్తాడు."

ఆ మాట విని వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసమే ఈ అధ్యాయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మృదువైన చేతి చికిత్సతో పొట్టకు కొంత మేలు ఉంది. అయితే ఆ మేలు దాని వెనక చెప్పే సిద్ధాంతంలో లేదు. అందులో పెద్ద భాగం డబ్బు ఖర్చు లేకుండా, మీ చేత్తో మీరే పొందవచ్చు.

ఆ గదిలో ఏం జరుగుతుంది

ఈ చికిత్సలలో బాగా పేరున్నది ఆస్టియోపతి. దీన్ని మొదలుపెట్టినవాడు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు. 1864లో మెదడు పొరల వాపు జబ్బుతో తన పిల్లలు ముగ్గురు చనిపోతే, తన కాలపు మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ సరిగ్గా ఉంటే శరీరం తనను తానే చక్కబెట్టుకుంటుందని 1874లో ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. ఆయన శిష్యుడు లిటిల్‌జాన్ ఆ విద్యను లండన్‌కు తీసుకెళ్లాడు. ఆ తర్వాత చాలాకాలానికి, 1980లలో, జాన్-పియెర్ బరాల్ అనే ఫ్రెంచి ఆస్టియోపతి నిపుణుడు కాలేయం, జీర్ణాశయం, పేగుల వంటి లోపలి అవయవాల మీదే ఈ చేతి పనిని కేంద్రీకరించాడు. ఇప్పుడు పొట్టకు ఆస్టియోపతి అని వినిపించేదంతా ఎక్కువగా ఆయన దారే.

గదిలో పద్ధతి ఇంచుమించు ఇలా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెడతారు. మోకాళ్ల కింద దిండు పెడతారు. ముందు తిండి, నిద్ర, పని గురించి తీరిగ్గా అడుగుతారు. ఆ తర్వాత పక్కటెముకల కింద, బొడ్డు చుట్టూ, కుడి ఎడమ తుంటి ఎముకల లోపలి అంచున అరచేతులు ఆనించి, ఊపిరితోపాటు చిన్న చిన్న ఒత్తిళ్లు ఇస్తారు. మాలిష్ అంత గట్టిగా ఉండదు, ఎముకలు టక్కుమనడం ఉండదు. చాలాసేపు చెయ్యి కదలనట్టే ఉంటుంది. ముప్పై నలభై నిమిషాల తర్వాత లేచేసరికి పొట్ట తేలికగా అనిపిస్తుంది. కొందరికి అక్కడే నిద్ర పడుతుంది.

దీన్ని వాళ్లు వివరించే తీరు ఏమిటంటే, అవయవాల మధ్య పొరలు బిగుసుకుపోయాయి, వాటి సహజమైన కదలిక తగ్గింది, చేతితో ఆ కదలికను తిరిగి తెచ్చాం అని. ఇక్కడే నాకు అనుమానం. ఒకే పొట్టను ఇద్దరు నిపుణులు విడివిడిగా తడిమితే ఇద్దరూ ఒకే మాట చెప్పాలి కదా. ఈ అవయవ ఆస్టియోపతి మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టి ఫ్రాన్స్ పరిశోధకులు 2018లో ఒక సమీక్ష ప్రచురించారు. ఆ తడిమి చెప్పే నిర్ధారణ నమ్మదగినదని గానీ, ఆ చికిత్స గట్టిగా పనిచేస్తుందని గానీ చెప్పడానికి సరైన ఆధారాలు లేవని తేల్చారు.

మరి జనానికి హాయిగా ఎందుకు అనిపిస్తుంది? ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. 2008లో అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన ఒక ప్రయోగం దీనికి చాలావరకు జవాబిస్తుంది. ఐబీఎస్, అంటే రిపోర్టుల్లో దొరకని పేగుల బాధ ఉన్న 262 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టును ఊరికే వేచి ఉండమన్నారు. రెండో జట్టుకు సూదులు గుచ్చినట్టు నటించే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు, మాటా మంచీ లేకుండా. మూడో జట్టుకూ అదే ఉత్తుత్తి చికిత్సే, కాకపోతే చేసే మనిషి మొదటిరోజు ముప్పావుగంట కూర్చుని కష్టం విన్నాడు, ఆప్యాయంగా మాట్లాడాడు. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం ఉందన్నవాళ్లు మొదటి జట్టులో 28 శాతం, రెండో జట్టులో 44, మూడో జట్టులో 62. సూదిలో ఏమీ లేదు. రెండో జట్టుకూ మూడో జట్టుకూ మధ్య తేడా అంతా తీరిక ఉన్న ఒక మనిషిది.

గచ్చిబౌలి, మాదాపూర్‌ల ఆస్పత్రుల్లో టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చుంటే లోపల దొరికేవి కొద్ది నిమిషాలు. అది డాక్టర్ల తప్పు అనను, బయట వరండాలో ఎంతమంది ఉన్నారో మీరే చూశారు. కానీ చేతి చికిత్స గదిలో అదే మనిషికి అరగంట పైన దొరుకుతుంది, ఫోను సైలెంట్‌లో పెట్టించి మరీ. మన ఐటీ కారిడార్‌లో వారం మొత్తం మీద అలాంటి అరగంట ఇంకెక్కడ దొరుకుతుంది?

మనకు కొత్తది కాదు

పసిబిడ్డ ఏడుస్తుంటే ఆముదం చేతికి రాసుకుని పొట్ట మీద గుండ్రంగా రాయడం, ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టించడం చూడని తెలుగు ఇల్లు ఉండదు. అలా రాసే బామ్మకు పెద్దపేగు ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతుందో తెలియకపోవచ్చు. చెయ్యి మాత్రం చాలాసార్లు సరైన దిక్కులోనే తిరిగేది.

పుస్తకాల దారిలో కూడా మనమే ముందు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే జబ్బులన్నిటికీ మూలం పొట్టలో పేరుకున్న మలినమే అని వాదించినవాడు. తొట్టి స్నానాలతో, పొత్తికడుపును తడిగుడ్డతో రుద్దడంతో వైద్యం చేసేవాడు. ఆయన పుస్తకాన్ని 1894లో డి. వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి వైద్యోద్యమం ఆ తెలుగు అనువాదంతోనే మొదలైందని చెబుతారు. హిందీ, ఉర్దూల్లోకి అది పదేళ్ల తర్వాత గానీ వెళ్లలేదు. కూనే సిద్ధాంతాన్ని ఈ రోజు ఎవరూ అక్షరాలా నమ్మనక్కర్లేదు. కానీ ఆ పరంపర హైదరాబాద్‌లో ఇంకా నడుస్తోంది. రాయదుర్గంలో బ్లూ లైన్ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగితే, పక్కనే బల్కంపేటలో ప్రకృతి చికిత్సాలయం, దానికి అనుబంధంగా గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉన్నాయి. ఆ ఫ్రెంచి పద్ధతి చికిత్సకు వేలు పోసే ముందు ఆ గేటు లోపలికి ఒకసారి వెళ్లి రావడంలో తప్పులేదు.

చెయ్యి నిజంగా దేన్ని తాకుతుంది

చేత్తో అవయవాల కదలికను తిరిగి తెచ్చామన్న మాట మీద నాకు అనుమానం అన్నాను. మరి ఏం జరుగుతుంది? నాకు మూడు సంగతులు ముఖ్యంగా కనిపిస్తాయి.

మొదటిది డయాఫ్రం. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా పరిచి ఉండే కండరం ఇది. ఊపిరి పీల్చినప్పుడల్లా కిందికి దిగి, వదిలినప్పుడు పైకి వెళ్తుంది. మామూలు ఊపిరిలో దాని ప్రయాణం ఒకటి రెండు సెంటీమీటర్లే. అన్నవాహిక దీని మధ్యలోంచే కిందికి వస్తుంది, అక్కడ ఈ కండరపు పోగులే దానికి బిగింపు. పులితేన్పులు పైకి ఎగదన్నకుండా ఆపేవాటిలో ఇదొకటి. ఆస్ట్రియాలో 19 మంది ఎసిడిటీ రోగులకు పొట్టతో ఊపిరి తీసే సాధన నేర్పి 2012లో ఫలితాలు ప్రచురించారు. నాలుగు వారాల్లో అన్నవాహికలోకి వచ్చే ఆమ్లం తగ్గింది. మానకుండా చేసినవాళ్లకు తొమ్మిది నెలల తర్వాత మందుల వాడకం కూడా తగ్గింది. పందొమ్మిది మంది చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. అయినా ఖర్చు లేని, హాని లేని పని.

ఉబ్బరం సంగతి ఇంకా విచిత్రం. "రెండు ఇడ్లీలు తింటే ఆరో నెల పొట్టలా అవుతుంది" అని చెప్పే అమ్మాయిలు ఎంతమందో. వాళ్ల కడుపులో గ్యాస్ కొండంత ఉంటుందని అందరూ అనుకుంటారు. బార్సిలోనా పరిశోధకులు స్కాన్ చేసి చూస్తే, చాలామందిలో గ్యాస్ పెద్దగా పెరగలేదు. తిన్న తర్వాత పైకి సర్దుకోవలసిన డయాఫ్రం కిందికి నెడుతోంది, పొట్ట ముందు గోడ వదులైపోతోంది, అందుకే పొట్ట ముందుకు వస్తోంది. ఊపిరినీ పొట్ట కండరాలనూ సరిచేసే శిక్షణ ఇస్తే ఉబ్బరం కొలతల్లోనే తగ్గింది. ల్యాప్‌టాప్ మీదికి వంగి, బెల్టు బిగించుకుని, ఛాతీ పైభాగంతోనే ఊపిరి తీస్తూ తొమ్మిది గంటలు కూర్చునే మనిషి డయాఫ్రం ఏ పాటి కదులుతుందో ఊహించుకోండి. ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పుడు ఒకసారి మిమ్మల్ని మీరే గమనించండి, ఊపిరి బిగబట్టి ఉంటారు.

రెండోది వేగస్ నరం. మెదడు కాండం దగ్గర బయల్దేరి, మెడ, ఛాతీ దాటి, అన్నవాహికతోపాటే డయాఫ్రం గుండా పొట్టలోకి దిగుతుంది. దాని పోగుల్లో దాదాపు 80 శాతం కింది కబురు పైకి మోసేవే, మిగతావి పై కబురు కిందికి తెచ్చేవి. అందుకే మేనేజరు నుంచి మెయిల్ వస్తే పేగులు కదలడం, పేగులు సరిగ్గా లేకపోతే రోజంతా చిరాగ్గా ఉండటం రెండూ నిజాలే. ఊపిరి వదలడం పీల్చడం కన్నా నెమ్మదిగా, పొడుగ్గా ఉన్నప్పుడు ఈ నరం జోరు పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది, జీర్ణానికి అనువైన స్థితి వస్తుంది. చేతి చికిత్స బల్ల మీద మీకు తెలియకుండానే జరిగేది ఇదే.

మూడోది పెద్దపేగు. సుమారు ఒకటిన్నర మీటర్ల గొట్టం. కుడివైపు కింద మొదలై పైకి వెళ్లి, అడ్డంగా ఎడమవైపుకు వచ్చి, కిందికి దిగుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఈ దారి వెంబడి పొట్ట మీద మర్దన చేస్తే ఫలితం ఉంటుందా అని స్వీడన్‌లో 60 మంది మీద ఎనిమిది వారాలు చూశారు, 2009లో. బాధ తగ్గింది, విరేచనం ముందుకన్నా ఎక్కువసార్లు అయ్యింది. కానీ విరేచనకారి మందుల వాడకం మాత్రం తగ్గలేదు. ఆ పరిశోధకులే దీన్ని మందుకు తోడుగా వాడమన్నారు, మందు మానేసి వాడమనలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

ఇక మీ చేత్తో

పొద్దున లేవగానే, ఫోను ముట్టకముందు చెయ్యండి. కుదరకపోతే రాత్రి, భోజనం చేసి రెండు గంటలు గడిచాక. పీజీ హాస్టల్లో ముగ్గురు ఒకే గదిలో ఉంటే మొహమాటపడకండి, దుప్పటి కింద చేసుకుంటే ఎవరికీ తెలియదు.

వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. దాంతో పొట్ట గోడ వదులవుతుంది. చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చచేసుకోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీదిది ఇంచుమించు కదలకూడదు. మొదటి రెండు మూడు రోజులు ఇది తిరగబడుతుంది, ఛాతీయే లేస్తుంది. బలవంతంగా పొట్ట ఉబ్బించకండి. చేతి బరువు పొట్టకు తెలిస్తే చాలు, ఊపిరి తనంతట తానే అక్కడికి దిగుతుంది. ఇలా ఐదు నిమిషాలు. ఎక్కువమంది ఈ భాగం వదిలేసి నేరుగా మర్దనకు వెళ్తారు. నన్నడిగితే, రెండింటిలో ఒకటే చేసే తీరిక ఉంటే ఊపిరే చెయ్యండి.

తర్వాత మర్దన. కాస్త నువ్వులనూనె గానీ కొబ్బరినూనె గానీ రాసుకోవచ్చు, లేదా పల్చటి బనీను మీదే చేసుకోవచ్చు. కుడి తుంటి ఎముక లోపలి అంచు దగ్గర నాలుగు వేళ్ల మెత్తని భాగం ఆనించండి. అక్కణ్నుంచి నిదానంగా పైకి, కుడి పక్కటెముకల కింది దాకా. అక్కడ తిరిగి బొడ్డుకు పైన అడ్డంగా ఎడమకు. ఎడమ పక్కటెముకల కింద నుంచి ఎడమ తుంటి ఎముక దాకా దిగండి. దిగేటప్పుడు చిన్న చిన్న గుండ్రాలుగా నొక్కుతూ దిగితే మంచిది, మలం ఆగేది ఎక్కువగా అక్కడే. తర్వాత చెయ్యి ఎత్తి మళ్లీ కుడి కింద నుంచి మొదలుపెట్టండి. పది చుట్లు చాలు. ఒత్తిడి ఎంతంటే, చేతి కింద పొట్ట బిగుసుకోకూడదు. బిగుసుకుంటే ఎక్కువ నొక్కినట్టు. రొమ్ము ఎముక కింద ముల్లులా తగిలే చోట, బొడ్డు నడి మధ్యలో గట్టిగా నొక్కకండి.

చివర రెండు మోకాళ్లూ పొట్టకు దగ్గరగా తెచ్చి చేతులతో చుట్టి, కాసేపు ఊపిరి తీస్తూ ఉండండి. స్కూల్లో నేర్పిన పవనముక్తాసనమే, తల ఎత్తనక్కర్లేదు.

ఇంతవరకూ చేసి హడావుడిగా క్యాబ్ ఎక్కితే సగం శ్రమ వృథా. కడుపులోకి ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం శరీరానికి పుట్టుకతో వచ్చిన అలవాటు, అది పొద్దున పూటే అన్నిటికన్నా బలంగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లో కాఫీయో టిఫినో తీసుకుని ఇరవై నిమిషాలు ఇంట్లోనే ఉండేలా చూసుకోండి. మన కారిడార్‌లో మలబద్ధకానికి నేను గమనించిన పెద్ద కారణం తిండి కూడా కాదు. ఆ కబురు వచ్చే వేళకు మనిషి మైండ్‌స్పేస్ జంక్షన్‌లోనో, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ కిందనో ఇరుక్కుని ఉండటం. లేదా హాస్టల్లో బాత్రూం ముందు తన వంతు కోసం బకెట్‌తో నిలబడటం. కబురు వచ్చినప్పుడల్లా ఆపితే కొన్నాళ్లకు కబురు రావడం మానేస్తుంది. హాస్టల్లో ఉన్నవాళ్లు అందరికన్నా అరగంట ముందు లేవడం నేర్చుకుంటే, నా దృష్టిలో అది చాలా మందుల కన్నా మేలు.

వెస్టర్న్ టాయిలెట్ అయితే కాళ్ల కింద ఏడెనిమిది అంగుళాల ప్లాస్టిక్ పీట వేసుకోండి. మోకాళ్లు తుంటి కన్నా పైకి రావాలి. మలద్వారం దగ్గర పేగును వంచి పట్టుకునే కండరం గొంతుక్కూర్చున్నప్పుడే బాగా వదులవుతుంది, మన పాత దొడ్లకు ఆ విద్య తెలుసు. ఫోను బయటే వదిలిపెట్టండి.

రాత్రి తిండి విషయం అందరికీ తెలిసిందే, ఒక్క మాటతో వదిలేస్తాను: తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు. యూఎస్ షిఫ్టు వాళ్లకు ఆ లెక్క తెల్లవారుజామున వేసుకోవాలి. మంట ఉంటే ఎడమవైపు తిరిగి పడుకోవడం నిజంగా ఉపయోగపడుతుంది.

చెయ్యి పెట్టకూడని పొట్టలు

ఈ భాగాన్ని దయచేసి తొందరలో దాటెయ్యకండి.

గర్భిణులు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, పేగుపూత జబ్బు ఉధృతంగా ఉన్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా మర్దన జోలికి పోకూడదు. బొడ్డు దగ్గర మొదలై కుడి కిందికి దిగి పెరుగుతున్న నొప్పి, జ్వరంతో కూడిన నొప్పి, పొట్ట చెక్కలా గట్టిపడటం వంటివి ఉంటే చెయ్యి తీసేసి ఎమర్జెన్సీకి వెళ్లాలి, అది అపెండిక్స్ కావచ్చు.

మలంలో రక్తం, తారులా నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, నలభై ఐదు దాటాక విరేచనం తీరు కొత్తగా మారడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు గ్యాస్ట్రో డాక్టరు, తర్వాతే ఇంకేదైనా.

ఇంకొకటి, మన ఊళ్లో మరీ ముఖ్యమైనది. ఛాతీ నడుమ గానీ పైపొట్టలో గానీ పట్టేసినట్టు ఉండి, చెమట పోస్తూ, ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అది గ్యాస్ అని మీకు మీరు తీర్పు చెప్పుకోకండి. ఈనో తాగి పావుగంట చూద్దాం అనకండి. వెంటనే ఈసీజీ తీయించండి. ముప్పై ఏళ్ల వాడికి గుండెపోటు ఏమిటి అన్న ధీమా పనికిరాదు.

చెయ్యి కనిపెట్టలేని జబ్బులు కూడా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో ప్రచురించిన అధ్యయనం ఉంది. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం కనిపించాయి. ఫ్యాటీ లివర్ సాధారణంగా నొప్పి పెట్టదు, తడిమితే తెలియదు, మర్దనకు కరగదు. నడకకీ, బరువు తగ్గడానికీ, నిద్రకీ లొంగుతుంది. పొట్ట హాయిగా ఉంది కాబట్టి అంతా బాగుందనుకోకుండా ఒకసారి అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు చేయించుకోండి. నడకకు మన దగ్గరే దుర్గంచెరువు గట్టు మీదా కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోనూ నడిచే దారులు ఉన్నాయి.

వెళ్లాలనే ఉంటే

ఇదంతా చదివాక కూడా ఒకసారి నిపుణుడి చెయ్యి చూడాలని ఉంటే తప్పేమీ లేదు, వెళ్లండి. అయితే ఎవరి దగ్గరికి వెళ్తున్నారో అడిగి తెలుసుకోండి. బ్రిటన్‌లో ఆస్టియోపతి వాళ్లకు 1993 చట్టం కింద రిజిస్టర్ ఉంది. అమెరికాలో డి.ఓ. అనే ఆస్టియోపతి డిగ్రీ చదివినవాళ్లు ఎం.డి.లతో సమానంగా మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. అక్కడ మనవాళ్ల పిల్లలు కూడా చాలామంది ఆ చదువు చదువుతున్నారు. మన దగ్గర బోర్డు మీద డి.ఓ. అని ఉంటే అది కంటి డాక్టరు డిప్లొమా కూడా కావచ్చు, చూసుకోండి మరి! ఇక్కడ ఆస్టియోపతి అనే మాట వెనక వారాంతపు కోర్సు ఉండవచ్చు, ఏళ్ల చదువు ఉండవచ్చు. ఫిజియోథెరపీలో బీపీటీ, ఎంపీటీ గానీ, ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ గానీ చదివి, ఆ పైన ఈ పద్ధతి నేర్చుకున్నవారైతే కనీసం ఏ పొట్ట మీద చెయ్యి పెట్టకూడదో తెలిసి ఉంటుంది.

మంచి థెరపిస్టు ముందు ప్రశ్నలు అడుగుతాడు, రిపోర్టులు చూస్తాడు, ఎక్కడ చెయ్యి పెట్టబోతున్నాడో చెప్పి, సరేనన్నాకే పెడతాడు. ఆడవాళ్లు తోడు మనిషిని లోపల ఉంచుకోవాలంటే ఆ మాట ఇబ్బందిగా అనుకోకూడదు, అనుకుంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి. మీ నాభి జారింది, కాలేయం పక్కకు జరిగింది, పది సిటింగులు కావాలి, ఇప్పుడే కడితే డిస్కౌంట్ అన్నచోట నాకైతే నమ్మకం లేదు. నాభి జారదు. షుగరు మాత్రలో, థైరాయిడ్ మాత్రలో, డాక్టరు రాసిన మరే మందులో మానెయ్యమన్నవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లకండి. స్వీడన్ సంగతి గుర్తుంది కదా, చెయ్యి మందుకు తోడు మాత్రమే. మూడు సిటింగుల్లో తేడా తెలియకపోతే నాలుగోదానికి డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఇంట్లో చేసుకునేదానికీ గడువు పెట్టుకోండి. రోజూ పొద్దున పది పదిహేను నిమిషాల చొప్పున నాలుగు వారాలు చెయ్యండి. విరేచనం అయిన రోజులు, ఉబ్బరం వచ్చిన రోజులు ఫోను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. నెలాఖరుకు ఆ గుర్తుల్లో మార్పు కనిపించకపోతే ఈ అధ్యాయాన్ని పక్కన పెట్టి, ఆ క్యాలెండర్ పట్టుకుని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి. "ఎప్పట్నుంచి, ఎన్నిసార్లు" అని వాళ్లు మొదట అడిగే ప్రశ్నకు జవాబు అప్పటికే మీ చేతిలో ఉంటుంది.